అత్యవసర వైద్యునికి కోచ్ ఎందుకు?

నేను ఇక్కడ సాధారణంగా రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పులు వంటి విషయాల గురించి రాస్తుంటాను. ఈసారి రోగుల గురించి కాక, వారి ప్రాణాలు ఎవరి చేతుల్లో పడతాయో ఆ వైద్యుల గురించి రాయాలనిపించింది. ఇది వైద్యుల సొంత వ్యవహారం, మాకెందుకు అని మీరు అనుకోవచ్చు. అర్ధరాత్రి రెండు గంటలకు మీ ఇంట్లో ఎవరికైనా గుండెల్లో నొప్పి వస్తే, అత్యవసర విభాగంలో మీకు ఎదురయ్యే డ్యూటీ డాక్టరు మనసు ఆ క్షణంలో ఎంత స్థిమితంగా ఉందన్నది మీ ఇంటి విషయం కూడా. అందువల్ల చివరిదాకా చదవమని కోరుతున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

1990ల తొలినాళ్లలో నేనొక ప్రభుత్వ బోధనాసుపత్రిలో క్యాజువాల్టీ మెడికల్ ఆఫీసరుగా పనిచేసేవాడిని. అప్పటికి మన దేశంలో అత్యవసర వైద్యం ప్రత్యేక శాఖ కాదు. భారత వైద్య మండలి దానిని ప్రత్యేక శాఖగా గుర్తించినది 2009లో. 108 అంబులెన్సులు హైదరాబాదులో మొదలైనది 2005 ఆగస్టు 15న. అంతకు ముందు రోగులు ఆటోలలో, జీపులలో, లారీ క్యాబిన్లలో వచ్చేవారు. క్యాజువాల్టీ అంటే ఒక బల్ల, రెండు స్ట్రెచర్లు, ఒక సిస్టరు, ఒక ఎం.ఎన్.ఓ., ముందు వరుసలో హౌస్ సర్జన్, వెనుక గదిలో నాలాంటి మెడికల్ ఆఫీసరు.

ఒక రాత్రి నలభై ఎనిమిదేళ్ల రైతు ఒకరు పైకడుపులో నొప్పి, చెమటలు అంటూ వచ్చారు. హౌస్ సర్జన్ కుర్రవాడు గ్యాస్ నొప్పిగా భావించి ఇంజక్షను ఇచ్చాడు. నొప్పి తగ్గిందని రోగి చెప్పగానే, పొద్దున ఓ.పీ.కి రమ్మని పంపివేశాడు. తెల్లవారుజామున ఆయనను మళ్లీ తీసుకువచ్చారు. అప్పటికే నాడి లేదు. గుండెపోటు కొందరిలో ఛాతీ నొప్పిగా కాక పైకడుపు నొప్పిగా వస్తుంది. ఈ రైతుకు వచ్చినదీ బహుశా అదే. మొదటిసారి వచ్చినప్పుడే ఈసీజీ తీసి ఉంటే తెలిసేదేమో.

నేను బంధువుల ఎదుట, సిస్టర్ల ఎదుట ఆ కుర్రవాడిని నిలదీశాను. "ఈసీజీ తీయాలని నీకు ఎంబీబీఎస్‌లో ఎవరూ చెప్పలేదా?" అన్నాను. అది ప్రశ్నలా వినిపించే తిట్టు. దానికి జవాబు నాకు అక్కరలేదు. అతడు తల దించుకుని నిలబడ్డాడు. హౌస్ సర్జెన్సీ ఎలాగో పూర్తి చేసి, ఆ తరువాత రోగులను చూసే ఉద్యోగం ఏదీ చేయలేదని కొన్నేళ్లకు ఎవరో చెప్పగా విన్నాను. "పాపం, మెతక మనిషి" అనుకుని ఊరుకున్నాను.

పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకు, నా పూర్వ విద్యార్థి ఒకాయన ఫోన్ చేశాడు. అతడిప్పుడు ఒక ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి అధిపతి. "సార్, మా పిల్లలు బాగా చదువుకున్నవారే. కానీ రెండేళ్లు తిరగకుండానే ఉద్యోగం మానేస్తున్నారు. మీరు వారానికి ఒకసారి వచ్చి వారికి కోచింగ్ ఇవ్వాలి" అన్నాడు.

కోచింగ్ అనగానే మన తెలుగువారికి గుర్తుకు వచ్చేది ఎంసెట్, నీట్ తరగతులు. వందల మందిని ఒక హాలులో కూర్చోబెట్టి జవాబులు వల్లె వేయించడం. నేనూ అదే అనుకున్నాను. అతడు చెప్పినది వేరు. దానికి దగ్గరి పోలిక బ్యాడ్మింటన్ కోర్టులో ఉంది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత. ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం సాధించారు. పతకం వచ్చింది కనుక ఇక కోచ్ అక్కరలేదని ఆ స్థాయి క్రీడాకారులెవరూ అనుకోరు. ఆడుతున్నవారికి తమ పాదం ఎప్పుడు ఆలస్యమైందో, భుజం ఎక్కడ బిగుసుకుందో కనిపించదు. పక్కన కూర్చుని చూసేవారికి కనిపిస్తుంది.

వైద్యులకు మాత్రం పట్టా చేతికి వచ్చిన రోజుతో ఆ చూసే కన్ను దూరమవుతుంది. అమెరికాలోని బోస్టన్‌లో శస్త్రవైద్యుడిగా పనిచేసిన అతుల్ గవాండే 2011లో న్యూయార్కర్ పత్రికలో ఈ విషయమై ఒక వ్యాసం రాశారు. ఎనిమిదేళ్లు శస్త్రచికిత్సలు చేసిన తరువాత తన నైపుణ్యం ఒకచోట ఆగిపోయినట్లు ఆయనకు అనిపించింది. ఒకప్పుడు తనకు శిక్షణ ఇచ్చి, పదవీ విరమణ చేసిన రాబర్ట్ ఆస్టీన్ అనే శస్త్రవైద్యుణ్ణి పిలిచి, తాను పనిచేస్తుండగా చూడమని కోరారు. ఆస్టీన్ మౌనంగా చూసి చిన్న పుస్తకంలో రాసుకున్నారు. దీపపు వెలుగు కోత మీద నుంచి పక్కకు జరిగిపోయిన సంగతి, మోచేయి అప్పుడప్పుడు పైకి లేస్తున్న సంగతి ఆ తరువాత చెప్పారు. అంత అనుభవం గల వైద్యుడికి ఈ రెండూ తెలియకుండానే జరిగాయి.

నేను వెళ్లడానికి ఒప్పుకున్నాను. ఒక్క షరతు పెట్టాను. ఆ వైద్యులు నాతో చెప్పుకున్నది యాజమాన్యానికి చేరకూడదు, వారి పనితీరు నివేదికలో నా మాట ఉండకూడదు. పరీక్షించే మనిషి ఎదుట ఎవరూ తమ భయం చెప్పుకోరు.

మొదటి రోజే తప్పు చేశాను. ముప్పై ఏళ్లు నిండని వైద్యురాలు ఒకరు నా ఎదుట కూర్చున్నారు. ముందు వారం 108లో తెచ్చిన నలభై ఏళ్ల మనిషి గుండె ఆగి, ఆమె చేతుల్లో చనిపోయాడు. నేను అరగంట పాటు ఉపన్యసించాను. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. రెండేసి నిమిషాలకు నొక్కే మనిషి మారాలి. అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము చొప్పున 3 నుంచి 5 నిమిషాలకు ఒకసారి ఇవ్వాలి. ఆమె ఓపికగా విన్నది. చివరకు నెమ్మదిగా అన్నది: "సార్, మీరు చెప్పినవన్నీ నాకు తెలుసు. పరీక్షలో అడిగితే ఒక్కటీ తప్పకుండా రాస్తాను. ఆ గదిలో అవి ఎందుకు చేయలేకపోతున్నానో నాకు అర్థం కావడం లేదు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను బోధకుణ్ణి. తెలియనిది చెప్పడం నా వృత్తి. తెలిసి కూడా చేయలేకపోవడం వేరే జబ్బు. దానికి పాఠం మందు కాదు.

తరువాతి వారాలలో, విభాగాధిపతి అనుమతితో, ఆమె అంగీకారంతో, గదిలో ఒక మూల గోడకు ఆనుకుని నిలబడ్డాను. చేతిలో చిన్న నోటు పుస్తకం, గడియారం. ఏమీ మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాను. జీవితమంతా ఆజ్ఞలు ఇచ్చిన నాకు అది ఎంత కష్టమో చెప్పలేను.

ఒక సాయంత్రం గుండె ఆగిన మరొక రోగి వచ్చాడు. ఆమె వెంటనే మంచం పక్కకు వెళ్లి తానే ఛాతీని నొక్కసాగింది. కొంతసేపటికి "ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి" అన్నది. ముగ్గురు నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మందు రోగి శరీరంలోకి వెళ్లేసరికి దాదాపు రెండు నిమిషాలు గడిచాయి. ఇవన్నీ రాసుకున్నాను.

డ్యూటీ ముగిశాక ఇద్దరం క్యాంటీనులో టీ తాగుతూ కూర్చున్నాం. ఈసారి నేను చెప్పలేదు, అడిగాను.

"అమ్మా, ఆ సమయంలో నీకు ఏమేమి కనిపించాయి?"

"రోగి ఛాతీ. నా చేతులు."

"ఇంకా?"

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "అంతే సార్. మానిటరు నా వీపు వెనుక ఉంది."

"నొక్కడానికి అక్కడ వేరే వారు ఉన్నారు కదా. నీ చేతులు తీసి పక్కకు వస్తే ఏమవుతుందని అనిపించింది?"

ఈసారి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. ఆమె హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రోగి చనిపోతే, బంధువులు తోటి డాక్టరును కొట్టారు. "ఖాళీగా నిలబడి చూస్తున్నాడు, ఏమీ చేయలేదు" అన్నది వారి ఆరోపణ. నిజానికి ఆ డాక్టరు ఆ సమయంలో బృందాన్ని నడిపిస్తున్నాడు. ఆనాటి నుంచి ఆమె చేతులు ఖాళీగా ఉంచడానికి భయపడుతోంది. గుండె ఆగిన రోగి దగ్గర బృందానికి నాయకత్వం వహించేవారు, సిబ్బంది చాలినంత ఉన్నప్పుడు, చేతులు పెట్టకుండా మంచం కాళ్ల వైపు నిలబడి అంతా చూస్తుండాలని ఆమెకు తెలుసు. ఆ తెలివికీ ఆ చేతులకూ మధ్య ఒక పాత రాత్రి అడ్డుపడుతోంది. ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు దొరికేది కాదు. ఆమె కూడా అప్పటివరకు దానిని పైకి అనుకోలేదు.

"మరి ఏం చేస్తే బాగుంటుంది?" అని అడిగాను. ఉపాయాలు ఆమే చెప్పింది. రోగి వచ్చిన మొదటి నిమిషంలోనే ఒక సీనియర్ నర్సు బంధువులలో ఒక్కరిని పిలిచి, లోపల ఏం జరుగుతోందో చెబుతూ ఉండాలి. తాను మానిటరు కనిపించేలా మంచం చివర నిలబడాలి. "ఎవరైనా" అనడం మాని, పేరు పెట్టి పిలవాలి. విన్నవారు పని చేసి, "ఇచ్చాను డాక్టర్" అని తిరిగి చెప్పాలి. ఇవేవీ నేను నేర్పినవి కావు.

ఆ తరువాత గుండె ఆగి వచ్చినవారందరూ బతికారని నేను చెప్పను. అటువంటివారిలో ఎక్కువమంది దక్కరు. కానీ నా నోటు పుస్తకంలో ఆజ్ఞకూ ఇంజక్షనుకూ మధ్య ఉన్న వ్యవధి అర నిమిషం లోపుకు దిగింది. రోగి చనిపోయిన రాత్రి కూడా ఆమె ఇంటికి వెళ్లి నిద్రపోగలుగుతున్నానని చెప్పింది.

కోచింగ్ అంటే ఇదే. జవాబు ఎదుటి మనిషిలో ఉందని నమ్మి, అది బయటకు వచ్చేలా అడగడం, వచ్చేదాకా ఓపిక పట్టడం. ఈ పద్ధతికి ఒక సులువైన క్రమాన్ని బ్రిటన్‌కు చెందిన జాన్ విట్‌మోర్ 1992లో వెలువడిన తన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చారు: నీకు కావలసినది ఏమిటి, ఇప్పుడు ఉన్న స్థితి ఏమిటి, ఉన్న మార్గాలేవి, వాటిలో ఏది చేస్తావు. నాలుగు ప్రశ్నలు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటాయి. అడిగి ఊరుకోవడం అలవాటైన తరువాత వాటి బలం తెలుస్తుంది.

ఇదే మార్గంలో నడిచే మరొక చిన్న పద్ధతి స్కాట్లండులోని ఎడిన్‌బరో అత్యవసర విభాగంలో రూపొందింది. దాని పేరు స్టాప్ 5. కఠినమైన కేసు ముగిసిన వెంటనే బృందమంతా ఐదు నిమిషాలు ఆగుతుంది. ఏం జరిగిందో ఒకరు క్లుప్తంగా చెబుతారు. ఏది బాగా జరిగింది, ఏది మెరుగుపరచుకోవచ్చు, ఏ పని ఎవరు చూసుకోవాలి అని మాట్లాడుకుంటారు. తప్పు ఎవరిదన్న ప్రశ్న అందులో లేదు. మేము కూడా ఆ ఐదు నిమిషాలు పాటించడం మొదలుపెట్టాం. మొదట్లో నర్సులు నోరు విప్పలేదు. నెల తిరిగేసరికి అందరికంటే ఉపయోగకరమైన మాటలు వారి నుంచే వచ్చాయి.

దీనికి ఆధారం ఉందా అని మీలో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 88 మంది వైద్యులను రెండు వర్గాలుగా విభజించి జరిపిన పరిశీలన 2019లో ప్రచురితమైంది. ఒక వర్గానికి ఆరు విడతలుగా కోచింగ్ లభించింది. ఐదు నెలల తరువాత ఆ వర్గంలో మానసిక అలసట తగ్గింది, కోచింగ్ లేని వర్గంలో కొంత పెరిగింది. వారు అత్యవసర విభాగం వైద్యులు కారు. సంఖ్య కూడా చిన్నది. కనుక దీనిని తుది మాటగా నేను చెప్పడం లేదు, ఆశ కలిగించే మాటగా చెబుతున్నాను.

హద్దులు కూడా చెప్పాలి. నలుగురు చేయవలసిన పని ఒకరి చేత చేయిస్తూ, వరుసగా 36 గంటలు డ్యూటీ వేసి, "మీకు కోచ్‌ను పెట్టాం కదా" అనడం మోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తిపరమైన అలసటను నిర్వచించినప్పుడు, దానిని వ్యక్తి జబ్బుగా కాక, పనిచేసే చోట అదుపులో పెట్టని దీర్ఘకాలిక ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా పేర్కొన్నది. పనిచేసే చోటును సరిదిద్దవలసినది యాజమాన్యం. అలాగే, కోచ్ మానసిక వైద్యుడు కాడు. నిద్ర పూర్తిగా పోయినా, బతకాలనిపించకపోయినా మానసిక వైద్యుణ్ణి కలవాలి. వైద్యులకైనా ఇతరులకైనా కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటుంది.

ఇక నా సంగతికి వస్తాను. ఒకనాడు ఆ వైద్యురాలికి నా పాత కథ, అంటే ఆ రైతు కథ, హౌస్ సర్జన్ కథ చెప్పాను. నా పశ్చాత్తాపం చెప్పుకుంటే ఆమెకు కొంత ధైర్యంగా ఉంటుందని నా ఉద్దేశం. ఆమె అంతా విని, "ఆ రోజు ఈసీజీ ఎందుకు తీయలేదని ఆయనను అడిగారా సార్?" అన్నది.

"అడిగాను, అందరి ముందూ" అన్నాను.

"అది కాదు సార్. నన్ను అడిగినట్టు అడిగారా?"

అడగలేదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

అతని నంబరు సంపాదించడానికి పది రోజులు పట్టింది. అతడిప్పుడు వేరే రాష్ట్రంలో ఒక వైద్య కళాశాలలో ఫిజియాలజీ చెబుతున్నాడు. ఫోన్ ఎత్తి, నా పేరు వినగానే "నమస్కారం సార్" అన్నాడు, ఆ పాత కంఠంతోనే. క్షేమసమాచారాలు అయ్యాక, క్షమాపణ చెప్పబోయి, ఆగి, అడిగాను: "ఆ రాత్రి ఏం జరిగింది?"

కొంచెంసేపు నిశ్శబ్దం. తరువాత చెప్పాడు: "ఈసీజీ తీయాలనే అనుకున్నాను సార్. యంత్రంలో కాగితం చుట్ట అయిపోయింది. కొత్తది స్టోరు గదిలో ఉంది. తాళం చెవి స్టోరు గుమాస్తా ఇంటికి తీసుకుపోయాడు. పైన వార్డు నుంచి ఈసీజీ యంత్రం తెప్పిద్దామంటే ఎం.ఎన్.ఓ. వేరే రోగిని ఎక్స్‌రేకు తీసుకువెళ్లాడు. ఇంతలో ఆయన నొప్పి తగ్గింది, ఇంటికి వెళతానన్నాడు. పొద్దున తీయవచ్చులే అనుకున్నాను. నా తప్పు లేదని చెప్పడం లేదు సార్. నేను ఆయనను ఆపవలసింది, మిమ్మల్ని లేపవలసింది."

"నన్ను ఎందుకు లేపలేదు?"

"మీరు కోప్పడతారని."

ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఒక యువ వైద్యుణ్ణి పోగొట్టుకోవడం ఒక నష్టం. దానికంటే పెద్దది మరొకటి ఉంది. ఆ తాళం చెవి ఆ రాత్రి తరువాత కూడా ప్రతి రాత్రీ గుమాస్తా ఇంటికే వెళ్లి ఉంటుంది. నేను ఆ విభాగంలో ఇంకా మూడేళ్లు పనిచేశాను. ఆ మూడేళ్లలో ఎన్ని రాత్రులు యంత్రం కాగితం లేకుండా పడి ఉన్నదో నాకు తెలియదు. ఎందుకంటే నేను తిట్టాను, అడగలేదు. అడిగి ఉంటే మర్నాడు ఉదయమే రెండు కాగితపు చుట్టలు క్యాజువాల్టీ బీరువాలో పెట్టించి ఉండేవాణ్ణి. దానికి అయ్యే ఖర్చు లెక్కలోకి రానిది.

ఇప్పుడు మీతో రెండు మాటలు. పైకడుపు నొప్పి, చెమటలు, ఎడమ చేయి లాగడం, ఆయాసం, కారణం తెలియని నీరసం, ముఖ్యంగా నలభై దాటినవారిలో, మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు లక్షణాలు కావచ్చు. గుండెపోటు అనుమానం ఉన్న రోగికి ఆసుపత్రికి చేరిన పది నిమిషాల లోపు ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా అంగీకరించిన నియమం. "డాక్టరు గారూ, ఈసీజీ ఒకసారి చూస్తారా?" అని మర్యాదగా అడగడం మీ హక్కు. నొప్పి తగ్గిందని తొందరపడి ఇంటికి బయలుదేరవద్దు. నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, రోజూ వాడే మందులేమిటి అన్నవి చీటీ మీద రాసుకుని వెళ్లండి. డాక్టరుతో మాట్లాడడానికి ఇంటివారిలో ఒక్కరిని నిర్ణయించుకోండి. మిగిలినవారు బయట ఉంటే, లోపలివారి చేతులు వణకకుండా ఉంటాయి.

రెండవ మాట ఆసుపత్రులు నడిపేవారికి, విభాగాధిపతులకు. మీ ఊరిలో పదవీ విరమణ చేసి, పేపరు చదువుకుంటూ కూర్చున్న నాలాంటి వైద్యులు ఉంటారు. వారానికి ఒక పూట పిలవండి. ఉపన్యాసం ఇవ్వవద్దని ముందే చెప్పండి. ఒక కుర్చీ, ఒక నోటు పుస్తకం ఇచ్చి, చూడమనండి, అడగమనండి.

వచ్చే నెల ఆ ఫిజియాలజీ అధ్యాపకుడు సెలవు మీద మా ఊరు వస్తానన్నాడు. గురువారం నాడు నాతో పాటు అత్యవసర విభాగానికి వస్తావా అని అడిగాను. "ఆలోచిస్తాను సార్" అన్నాడు. ఎందుకు ఆలోచించడం అని ఒకప్పుడైతే అనేవాడిని. ఈసారి సరేనన్నాను.